బొట్టు పెట్టకముందు చూడాల్సినవి

కొత్త బండి దగ్గరికి వెళ్లినప్పుడు మొదట చూడాల్సింది ఇంజను కాదు. ఆ బండికి బొట్టు పెట్టారా లేదా అన్నది. పెట్టకపోతే మీ పని మొదలుపెట్టుకోవచ్చు. పెట్టేసి ఉంటే మీ పని అయిపోయినట్టే. పసుపు రాసి, కుంకుమ పెట్టి, బంతిపూల దండ వేసిన బండిని చూస్తూ "దీని కప్పు కారుతుంది" అనగలిగిన మనిషి మా వైపు నాకు కనబడలేదు. కొన్నవాడు అనడు, అపశకునం. అమ్మినవాడు ఎలాగూ అనడు. చూడటానికి వచ్చినవాడు అన్నాడో, ఆ తర్వాత ఆ బండికి ఏ గేదె అడ్డం వచ్చినా అది వాడి నోటి వల్లే వచ్చినట్టు లెక్క.

ఈ మాట నేను మా గురువు దగ్గర విన్నాను. నమ్మాను. చాలామందికి చెప్పాను కూడా. పాటించవలసిన రోజున మాత్రం పాటించలేదు. ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్లు నా తెలివి గురించి తెలుసుకోవడం కంటే ఆ రోజు గురించి తెలుసుకోవడం మంచిదని ఇది రాస్తున్నాను.

నా పని ఏమిటంటే

అరవైలలో, డెబ్బైలలో మా తెనాలి, బాపట్ల, రేపల్లె వైపు బస్సు గానీ వ్యాను గానీ కావాలంటే తయారైనది దొరికేది కాదు. చక్రాలు, ఇంజను ఉన్న ఛాసిస్ కొనుక్కొచ్చి ఏదో ఒక షెడ్డులో అప్పగించాలి. షెడ్డువాళ్లు దాని మీద చెక్క, రేకు, అద్దాలు బిగించి ఒక ఆకారం తెచ్చేవారు. ఆ ఆకారం చెప్పిన విధంగా ఉందా, వర్షానికి నిలుస్తుందా, తలుపులు పడతాయా అన్నది కొన్నవాళ్లకు తెలిసేది కాదు. వాళ్ల తరఫున వెళ్లి, బండి అంతా చూసి, "తీసుకోండి" అనో "ఇంకో వారం ఆగండి" అనో చెప్పేవాణ్ణి నేను. పేరు ఆంజనేయులు. ఊళ్లో బండిచూపుల ఆంజనేయులు అనేవారు. పెళ్లిచూపులకు వెళ్లేవాడికి ఉండే మర్యాదే నాకూ ఉండేది. నన్ను చెడగొట్టింది ఆ మర్యాదే.

మా గురువు సుబ్బారాయుడు మేస్త్రీ. తెనాలిలో ఆయన షెడ్డులోనే నేను పని నేర్చుకున్నాను. బండి చూడటానికి వెళ్లేటప్పుడు ఆయన చేతిసంచిలో మూడే వస్తువులు ఉండేవి. ఇత్తడి చెంబు, సుద్దముక్క, నిమ్మకాయ. చెంబుతో బండి కప్పు మీద నీళ్లు పోసేవాడు. లోపల ఎక్కడ చుక్క పడితే అక్కడ సుద్దతో గుర్తు పెట్టేవాడు. నిమ్మకాయను బండి నేల మీద పెట్టి వదిలేసేవాడు. అది ఎటు దొర్లితే నేల అటు వాలి ఉన్నట్టు. ఆ నిమ్మకాయ తన పెరట్లో చెట్టుదే అయి ఉండాలి. అంగట్లో కొన్న కాయలు గుండ్రంగా ఉండవని ఆయన నమ్మకం.

నాలుగో నియమం సంచిలో పట్టేది కాదు. "షెడ్డువాడి ఇంట్లో మంచినీళ్లు కూడా తాగకు. కడుపు నిండితే కళ్లు మూతపడతాయి" అనేవాడు. పని ముగిసేదాకా ఆయన ఉపవాసమే. నేను ఆయన పక్కన నిలబడి ఎన్నోసార్లు ఆకలితో నీరసపడిపోయాను. ఇది అన్యాయమైన నియమమని, నా అంతట నేను పని చేసే రోజున దీన్ని మొదట తీసేయాలని అప్పుడే నిర్ణయించుకున్నాను.

భీముడు తలుపులో ఇరుక్కున్న సంగతి

నేను సొంతంగా చూసిన మొదటి బండి తెనాలి నాటకాలవాళ్ల వ్యాను. చెంబు, సుద్దముక్క, నిమ్మకాయ, ఉపవాసం అన్నీ పాటించి రోజంతా చూశాను. చుక్క కారలేదు. నిమ్మకాయ పెట్టినచోటే ఉంది. తీసుకోమన్నాను.

మర్నాడు వాళ్లకు రేపల్లెలో నాటకం. అక్కడ వేషం వేసుకునే చోటు సరిగా లేదని తెనాలిలోనే రంగులు పూసుకుని, కిరీటాలతో సహా ఎక్కారు. భీముడి వేషం వేసే పానకాలు గారికి భుజకీర్తులు వ్యానులో కూర్చున్నాక కట్టారు. రెండు భుజాల మీద రెండు చెక్క రెక్కలు. రేపల్లెలో దిగబోతే ఆయన తలుపులో ఇరుక్కున్నాడు. ముందుకు రాడు, వెనక్కి పోడు. జనం వ్యాను చుట్టూ మూగారు. భుజకీర్తులు విప్పుదామంటే కట్టినవాడు ముడుల మీద ముడులు వేశాడు. ఆయన కాసేపు చూసి, ఎలాగూ జనం వచ్చారు గదా అని తలుపులోనే నిలబడి పద్యం ఎత్తుకున్నాడు. వన్స్ మోర్ అన్నారు. మళ్లీ పాడాడు. ఆ రాగానికి తలుపు చట్రం కాస్త వదులై మనిషి బయటపడ్డాడు.

నేను ఆ సంగతి సుబ్బారాయుడు మేస్త్రీకి చెబితే ఆయన నవ్వలేదు. "ఖాళీ బండిని చూశావు. బండిలో ఎవరు ఎక్కుతారో, ఏం ఎక్కిస్తారో వాటితో సహా చూడాలిరా" అన్నాడు. ఇది ఐదో నియమం అనుకోండి. దీన్ని కూడా నేను చాలామందికి చెప్పాను.

నాగరత్నమ్మ గారి ఇల్లుబండి

అమృతలూరులో నాగరత్నమ్మ గారని ఒక పెద్దావిడ ఉండేవారు. భర్త పోయాక వ్యవసాయం అంతా తానే చూసుకునేవారు. ఆవిడకు ఒక కోరిక. తమ వీధిలో గుంటూరు దాటి ఎరగని ఆడవాళ్లను పదిమందిని రామేశ్వరం, కాశీ తీసుకెళ్లాలి. బయట తిండి వాళ్లకు పడదు, సత్రాల్లో పడక పడదు. అందుకని ఇల్లులాంటి బస్సు ఒకటి కట్టించాలనుకున్నారు. లోపల రెండు వరసల పడకలు, వెనక వంటగది, కిరసనాయిలు స్టవ్వులు, కప్పు మీద నీళ్ల తొట్టి. ఇడ్లీ పిండికి రుబ్బురోలు కూడా నేలకు బిగించమన్నారు. అందరూ దాన్ని ఇల్లుబండి అనేవారు.

ఆవిడ మరిది శేషయ్య గారికి ఇది నచ్చలేదు. ఉమ్మడి వ్యవసాయం కనుక ఆయన మాటకూ బరువుంది. ఒకరోజు అరుగు మీద నలుగురి ముందు తేల్చేశాడు.

"చూడు వదినా. ఈ బండి చీరాల దాటిందంటే నా మీసం తీయించుకుంటా. దాటకుండా వెనక్కొచ్చిందనుకో, యాత్ర మాట మళ్లీ ఎత్తకూడదు. ఆ పెట్టె పీకేసి మినుములు తోలుకునే లారీ చేసుకుందాం."

"అట్టాగే శేషయ్యా. మీసం బాగా పెంచుకో" అన్నారావిడ.

ఆ పదిమంది ఆడవాళ్లూ ఆ మాట విన్నారు. వాళ్లకు కాశీ చీరాల దాకా వచ్చేసింది. అక్కడిదాకా బండి ఆగకుండా పోతే కాశీ ఉంది, లేకపోతే లేదు. ఆ బండి పోతుందో లేదో చూసి చెప్పడానికి ఆవిడ నన్ను నమ్ముకున్నారు.

నేను చేసిన పని

బండి కట్టింది బాపట్లలో వెంకటరత్నం షెడ్డులో. మంచి పనివాడు. మంచి మనిషి. ఆయనకున్న ఒకే ఒక్క దుర్గుణం, వచ్చినవాళ్లకు అన్నం పెట్టకుండా పంపలేకపోవడం. ఇందులో కుట్ర ఉందని చాలామంది తర్వాత అన్నారు. లేదు. తప్పు నాది.

పూజ మర్నాడు పొద్దున పదకొండింటికి. బండి చూడటానికి ఒకరోజు ముందే వెళ్లాను. బండి ఎండలో నిలబడి మెరుస్తోంది. ఇంకా బొట్టు లేదు. సంచిలోంచి చెంబు తీశాను.

"బావగారూ, పన్నెండయింది. రెండు ముద్దలు తిని చూసుకోండి" అన్నాడు వెంకటరత్నం.

"పని కాకుండా తిననండి."

"నిజాంపట్నం నుంచి పొద్దున్నే వచ్చాయండి. రొయ్యలు. మా ఆవిడ ఇగురు పెట్టింది."

నేను చెంబు సంచిలో పెట్టేశాను. ఆ ఇగురు గురించి ఇక్కడ ఎక్కువ రాయను. రాస్తే పశ్చాత్తాపం పలచబడుతుంది. మూడుసార్లు వడ్డించుకున్నాను. గోంగూర వచ్చింది, గడ్డపెరుగు వచ్చింది. ఆ తర్వాత, ఎక్కేవాళ్లతో సహా బండిని చూడాలి గదా అని నాకు నేనే చెప్పుకుని, పై పడక సౌకర్యంగా ఉందో లేదో పరీక్షిద్దామని ఎక్కి పడుకున్నాను. చాలా సౌకర్యంగా ఉంది. లేచేసరికి పొద్దు గూకింది.

పొద్దున్నే చూడొచ్చులే అనుకున్నాను. పొద్దున షెడ్డుకు వెళ్లేసరికి అమృతలూరు నుంచి ఆడవాళ్లంతా తొలి బస్సుకే దిగిపోయి ఉన్నారు. వాళ్లు ఊరుకుంటారా? ముందు అద్దానికి అయిదు బొట్లు, తలుపులకు పసుపు, చివరికి కప్పు మీది నీళ్ల తొట్టికి కూడా బొట్టు. భూషమ్మ అనే ఆవిడ స్టీరింగుకు తమలపాకులు కడుతోంది.

నాగరత్నమ్మ గారు నా దగ్గరికి వచ్చారు. "అన్నీ చూశావా నాయనా?"

"చూశానండి పెద్దమ్మగారూ."

"నీళ్లు పోసి చూశావా?"

"పోశానండి."

నేను ఆవిడ ముఖం వంక చూడకుండా చెప్పిన మాట అది. ఇంతకాలం తర్వాత కూడా ఆ "పోశానండి" నాకు వినబడుతూ ఉంటుంది. ఆ అండి ఒకటి మర్యాదగా తగిలించడం మరీ సిగ్గుచేటు.

ఇంతలో పురోహితుడు గారు చక్రాల కింద పెట్టడానికి నిమ్మకాయలు లెక్కచూస్తే ఒకటి తక్కువైంది. "ముహూర్తం దాటిపోతుంది, ఎవరి దగ్గరైనా ఉందా?" అన్నాడు. నా చొక్కా జేబులో ఉంది. గురువుగారి పెరట్లో చెట్టుది. నేల మీద దొర్లించి చూడవలసినదాన్ని తీసి ఇచ్చాను. వెనక చక్రం కింద అది చిట్లిన చప్పుడు విని అందరూ చేతులు జోడించారు. నేనూ జోడించాను.

బాపట్ల నుంచి అమృతలూరు దాకా

తొట్టి నిండా నీళ్లు పట్టారు. అంతకుముందు దాంట్లో చుక్క నీరు పోయలేదు. పదిమంది ఆడవాళ్లు, యాత్రకని బాపట్లలో కొన్న సామాను, బియ్యం బస్తాలతో బండి బయల్దేరింది. నన్నూ ఎక్కమన్నారు.

డ్రైవరు మస్తాను మొదటిసారి బ్రేకు వేసింది ఒక మేకల మంద కోసం. అప్పుడు వంటగదిలో గడగడమని చప్పుడైంది. రుబ్బురోలు నేలకు బిగించారు గానీ, దాంట్లో తిప్పే పొత్రాన్ని ఎవరూ దేనికీ బిగించలేదు. అది రోట్లోంచి దిగి, రెండు వరసల పడకల మధ్య నుంచి, తీరిగ్గా ముందుకు దొర్లుకుంటూ వచ్చింది. నేల ముందుకు వాలి ఉంది. ఛాసిస్ కింద లారీ బరువుకు సరిపోయే ఉక్కు స్ప్రింగులు, కమాన్ పట్టీలు ఉంటాయి. పదిమంది ఆడవాళ్ల బరువు వాటికి లెక్కలోది కాదు. వెనకభాగం ఎత్తుగానే నిలబడింది. నిమ్మకాయ ఉంటే ఒక్క క్షణంలో చెప్పేది.

"కాళ్లు ఎత్తండమ్మా, వస్తంది" అంది భూషమ్మ. అందరూ వరసగా కాళ్లు ఎత్తారు. పొత్రం డ్రైవరు సీటుకు తగిలి ఆగింది. దాన్ని మోసుకెళ్లి రోట్లో పెట్టొచ్చాను. మళ్లీ బ్రేకు. మళ్లీ కాళ్లు. నాలుగోసారికి ఎవరూ చెప్పక్కర్లేకుండానే కాళ్లు లేస్తున్నాయి, మాటలు ఆగడం లేదు.

అంతలో కప్పు మీద తొట్టి ఊగడం మొదలుపెట్టింది. తొట్టిని బిగించిన బోల్టుల కింద రబ్బరు వాషర్లు వేయలేదు. మలుపు తిరిగినప్పుడల్లా నీళ్లు ఒక పక్క ఆడవాళ్ల మీద పడేవి, ఇంకో మలుపులో ఇంకో పక్క వాళ్ల మీద. నేను నిన్న హాయిగా నిద్రపోయిన పడక మీద ధారే పడుతోంది.

ఇక్కడ మీరు గమనించాల్సింది ఒకటుంది. ఒక్కరంటే ఒక్కరు బండిని ఏమీ అనలేదు. బొట్టు పెట్టి గంట కాలేదు మరి. నీళ్లు నెత్తిన పడుతుంటే ఒకావిడ కొంగు కప్పుకుని, "చల్లగా ఉందమ్మా, ఎండాకాలం గదా" అంది. ఇంకొకావిడ "ఎంత తొట్టి, ఎన్ని నీళ్లు పట్టినయ్యో" అని మెచ్చుకుంది.

అమృతలూరులో శేషయ్య గారు మీసం దువ్వుకుంటూ ఎదురొచ్చాడు. బండి ఆగింది. పదిమందీ తడిసి ముద్దయి దిగారు.

"ఏంటి వదినా ఇది?"

"దారిలో స్నానాలు చేశాం" అన్నారు నాగరత్నమ్మ గారు.

"చీరలతోనా?"

"పుణ్యస్నానం చీరల్తోనేగా చేసేది."

ఆయన నా వైపు తిరిగాడు. "ఏమయ్యా, నువ్వు చెప్పు. ఎట్టా ఉంది బండి?"

"బాగుందండి" అన్నాను. రెండో అబద్ధం.

పెద్దమ్మగారి విచారణ

యాత్రకు బయల్దేరాల్సింది నాలుగో రోజు. నేను తెనాలి బస్సు ఎక్కి వెళ్లిపోవచ్చు. వెళ్లిపోదామనే అనుకున్నాను. మజ్జిగ తాగి వెళ్లమని నాగరత్నమ్మ గారు పెరటి వైపు పిలిచారు. గ్లాసు చేతికిచ్చి ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నారు.

"నాయనా, ఒక్కటి అడుగుతా. నువ్వు చూశావా, చూళ్లేదా?"

నేను మజ్జిగ వంక చూశాను.

"లేదు పెద్దమ్మగారూ. అన్నం తిని నిద్రపోయానండి."

"ఏం కూర?"

"రొయ్యల ఇగురండి."

"బాగుందా?"

"చాలా బాగుందండి."

ఆవిడ తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు తేలికగా ఉండేది. "ఆ భూషమ్మ ఉందే, దానికి అరవయ్యేళ్లు. కొత్త చెంబు కొనుక్కుంది, కాశీలో గంగ నీళ్లు పట్టుకోడానికి. బయల్దేరిన రోజున ఆ బండి బాపట్ల పోయేసరికి ఎవరి కాలో పొత్రం కింద నలుగుద్ది. వెనక్కొస్తాం. ఆ చెంబుతో అది పాలు కాచుకుంటది" అన్నారు.

"ఇప్పుడే బండిని చూస్తానండి. ఎక్కడెక్కడ కారుతుందో..."

"బొట్టు పెట్టిన బండి నాయనా. దాని ముందు నిలబడి తప్పులెంచుతావా? ఆడవాళ్లు ఒప్పుకుంటారా? నేను ఒప్పుకుంటానా?"

బొట్టు చెరపడం అన్న మాట మా ఇద్దరిలో ఎవరమూ అనలేదు. అది అనరాని మాట. ఆవిడ కొంగుతో విసురుకుంటూ చాలాసేపు ఆలోచించారు. తర్వాత లేచి నిలబడ్డారు.

"రేపు పొద్దున బండికి తలంటు పోద్దాం."

"బండికాండి?"

"దుమ్ము కొట్టుకుపోయి వచ్చింది. యాత్రకు పోయే ముందు మనుషులు తలంటుకోరా ఏంటి? తలంటుకున్నప్పుడు బొట్టు దాని దారిన అది పోద్ది. ఎవరూ చెరిపినట్టు కాదు. మళ్లీ బొట్టు పెట్టేదాకా మధ్యలో మనకు టైమున్నట్టేగా. బాపట్ల ఆయన్ని రమ్మని కబురుపెట్టు. ఆయన్ని కూడా లోపల కూర్చోబెట్టు."

ముప్పై ఏళ్లకు పైగా ఈ పని చేశాను. ఇంత తెలివైన పరీక్ష పద్ధతి ఇంకెవరూ చెప్పలేదు.

తలంటు

మర్నాడు వీధి వీధంతా బిందెలతో వచ్చింది. బానెట్టుకు నలుగు పెట్టారు. తలుపు బందులకు ఆముదం రాశారు. నిజం చెప్పాలంటే ఆ ఆముదంతోనే సగం కీచుమని చప్పుళ్లు పోయాయి. ఇద్దరు నిచ్చెన వేసుకుని కప్పెక్కారు. కింద నుంచి బిందెలు అందిస్తుంటే కప్పు మీద గుమ్మరించారు. తొట్టి నింపి, బండిని నలుగురు పట్టుకుని ఊపారు.

లోపల నేను, వెంకటరత్నం, చేతుల్లో సుద్దముక్కలు. చుక్క పడిన చోటల్లా గుర్తు పెడుతున్నాం.

"ఇక్కడ కూడానా?" అన్నాడు వెంకటరత్నం. ఆయన ముఖం చిన్నబోయింది. "అన్నం పెట్టడం తప్పయిపోయింది బావగారూ."

"తినడం తప్పండి. పెట్టడం కాదు" అన్నాను.

పదకొండు గుర్తులయ్యాయి. బయట బొట్లన్నీ కొట్టుకుపోయాయి. నాగరత్నమ్మ గారు అద్దం వంక పరీక్షగా చూసి, చేతులు తుడుచుకుని, "ఇంకేం భయం లేదు. ఎవరేం అనుకుంటున్నారో అనేయండి. కుంకం భరిణె నా చేతిలోనే ఉంది, తొందర్లేదు" అన్నారు. తర్వాత నన్ను పిలిచారు. "ముందు నువ్వు."

వీధంతా నా వైపు చూస్తోంది. శేషయ్య గారూ ఉన్నాడు.

"మొదటి లోపం బండిది కాదండి, నాది" అన్నాను. "నేను దీన్ని చూడలేదు. రొయ్యలకూర తిని దీంట్లోనే పడి నిద్రపోయాను. చూశానని అబద్ధం చెప్పాను. నేలను చూడాల్సిన నిమ్మకాయను చక్రం కింద పెట్టించాను."

భూషమ్మ, "అయితే ఇంక నేను చెప్పొచ్చా?" అంది. అందరూ ఒక్కసారి మొదలుపెట్టారు. నిన్నటి నుంచి కుక్కుకుని ఉన్నదంతా బయటికొచ్చింది. పై పడక మీద పడుకుంటే ముక్కు కప్పుకు తగులుతుంది. వంటగది తలుపు బయట నుంచి తప్ప తెరుచుకోదు. తాంబూలం ఉమ్మేద్దామంటే కిటికీ సగంలో ఆగిపోతుంది. డ్రైవరు తలకు రాసుకునే నూనె వాసన కడుపులో తిప్పుతుంది.

"అది బండి తప్పు కాదమ్మా" అన్నాడు మస్తాను.

"ఇప్పుడే చెప్పాలిగా నాయనా. బొట్టు పెట్టాక చెప్పకూడదు."

శేషయ్య గారు నవ్వడం మొదలుపెట్టాడు. "నేను చెప్పలా? జల్లెడ కట్టించుకున్నావు వదినా. మీ కాశీ చీరాల్లోనే." లోపల ఎట్లా ఉందో చూద్దామని బండెక్కి తలెత్తాడు. సరిగ్గా మీసం మీద చుక్క పడింది. ఆయన తుడుచుకుని పైకి చూశాడు. ఇంకో చుక్క పడింది. జీవితమంతా పొలం గట్లకు పడ్డ గండ్లు పూడ్చిన మనిషి. నీరు కారుతుంటే చూస్తూ నిలబడటం ఆయనకు చేతకాదు.

"ఇట్టా కాదయ్యా. వాషరు ఒక్కటేస్తే ఆగదు. కింద తారు పట్టించి ఆపైన బిగించాలి. ఎవర్రా అక్కడ, తారు డబ్బా తెండి" అన్నాడు.

రెండు రోజులు ఆయన ఆ బండిని వదల్లేదు. వెంకటరత్నం వెనక కమాన్లలో పట్టీలు తగ్గించి నేలను సమం చేశాడు. పొత్రానికి మూత ఉన్న చెక్కపెట్టె చేశాడు. ప్రతి బోల్టూ శేషయ్య గారు దగ్గరుండి బిగించాడు. పందెం సంగతి ఆయనకు గుర్తుందో లేదో నాకు తెలియదు. నేను గుర్తుచేయలేదు. తర్వాత చెంబుతో నీళ్లు పోశాను. ఒక్క చుక్క లేదు. తెనాలి వెళ్లి గురువుగారి పెరట్లో నిమ్మకాయ అడిగి తెచ్చి నేల మీద వదిలాను. కదల్లేదు. ఇదంతా ఉపవాసంతో చేశాను. ఆ తర్వాతే నాగరత్నమ్మ గారు కుంకం భరిణె మూత తీసి బండికి మళ్లీ బొట్టు పెట్టారు.

నిమ్మకాయ కోసం వెళ్లినప్పుడు జరిగిందంతా ఆయనకు చెప్పాల్సి వచ్చింది. "చక్రం కింద పెట్టింది మన చెట్టుదేనా?" అని అడిగాడు. అవునన్నాను. ఆయన లోపలికి వెళ్లిపోయాడు.

చీరాల

బయల్దేరే రోజున ఎక్కడ కూర్చోమంటారని నాగరత్నమ్మ గారిని అడిగాను. "పొత్రం వచ్చే చోట" అన్నారు. డ్రైవరు సీటు వెనక, నేల మీద, కాళ్లు చాపుకుని కూర్చున్నాను. శేషయ్య గారు పందెం చూసుకోవడానికి ఎక్కాడు. బాపట్ల దాటేదాకా మస్తాను ఏడుసార్లు బ్రేకు వేశాడు. ఏడుసార్లూ పదిమంది ఆడవాళ్లు అలవాటు కొద్దీ కాళ్లెత్తారు. నేను కళ్లు మూసుకున్నాను. ఏదీ రాలేదు.

చీరాల చివర ఆఖరి మగ్గాల ఇళ్లు కూడా దాటాక శేషయ్య గారు "ఆపు" అన్నాడు. దిగి, వెనక్కి నడిచి, మంగలి కొట్టు వెతుక్కున్నాడు. బండి కిటికీల నిండా ముఖాలు. కిటికీలు ఇప్పుడు పూర్తిగా తెరుచుకుంటున్నాయి. పైపెదవిని తువాలుతో కప్పుకుని ఆయన వచ్చాక నేనూ బండి దిగాను, ఆడవాళ్లు దండం పెట్టి వెళ్లిపోయారు. ఆ బండి వెనకభాగం కనబడినంతసేపూ మేమిద్దరం రోడ్డు మీదే నిలబడ్డాం.

తర్వాత రైలు కోసం స్టేషన్లో కూర్చున్నాం.

"ఆంజనేయులూ, నిజం చెప్పు. కాశీ చేరుద్దా?"

"చేరుతుందండి."

"చూశావా?"

"ఈసారి చూశానండి."

ఆయన తువాలు తీసి, "అయితే సరే" అన్నాడు.

కాశీలో వదిలింది

రెండు నెలల తర్వాత బండి తిరిగొచ్చింది. కబురు పెడితే అమృతలూరు వెళ్లాను. భూషమ్మ కొత్త చెంబుకు మూత వేసి, గంగ నీళ్లు ఒలక్కుండా రెండు చేతులా పట్టుకుని దించింది. శేషయ్య గారి మీసం సగం పెరిగింది. నాగరత్నమ్మ గారు ప్రసాదం ఇచ్చి కూర్చోమన్నారు.

"కాశీ పోతే ఇష్టమైంది ఒకటి వదిలెయ్యాలిగా నాయనా" అన్నారు.

"అవునండి. మీరేం వదిలారు?"

"నేను బీరకాయ వదిలా. నాకెప్పుడూ పెద్ద ఇష్టం లేదులే. నువ్వు రాలేకపోయావని నీ పేరు చెప్పి గంగలో మునిగి రొయ్యలు వదిలేసి వచ్చా."

ఒకరి పేరు మీద ఇంకొకరు వదలవచ్చా అని తెనాలి వచ్చాక ఇద్దరు పురోహితుల్ని అడిగాను. ఒకాయన చెల్లుతుందన్నాడు, ఒకాయన చెల్లదన్నాడు. చెల్లదన్న ఆయన మాట నమ్మాలని చాలాకాలం ప్రయత్నించాను.

తినలేదు. పని మానేసేదాకా తినలేదు. షెడ్డువాళ్లు భోజనానికి పిలిచేవారు. నిజాంపట్నం నుంచి వచ్చాయనేవారు. రొయ్యలు తిననండి అనేవాణ్ణి. ఎందుకు తినరని అడిగేవారు. అడిగితే ఇదంతా మొదటి నుంచి చెప్పాల్సి వచ్చేది. చెప్పడం పూర్తయ్యేసరికి నేను బండి కప్పు మీద ఉండేవాణ్ణి, చేతిలో చెంబుతో, ఖాళీ కడుపుతో.